అరవై దగ్గర ఆగిన బ్యాటరీ

కింది వాటా పిన్నిగారు అందట: "పై వాటా పిల్ల ఆ లాప్‌టాప్‌ని చేజేతులా చెడగొట్టుకుని మరీ రిపేరు కొట్టుకి పోతోంది. అది యంత్రం జబ్బు కాదు, వయసు జబ్బు" అని.

ఆవిడ అన్నది టైలరుతో. టైలరు కత్తెర ఆపకుండానే ఆ మాట మందుల షాపతనికి చేరవేశాడు. అక్కణ్ణుంచి అది వీధి చివరిదాకా వెళ్ళి, పట్టుకోవడానికి ఇంకెవరూ దొరక్క, తిరిగి పిన్నిగారి దగ్గరికే వచ్చింది. ఇక ఆ పిల్ల తల్లికి చెప్పడం ఒక్కటే మిగిలింది.

చిక్కంతా అక్కడే ఉంది. ఇలాంటి కబురు చెవిలో ఊదాలి. పై వాటావిడకి చెవిలో ఊదితే లాభం లేదు. ఆవిడ బడిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది. మైదానం ఈ కొస నుంచి ఆ కొసకి వినబడే గొంతు అలాగే ఉండిపోయింది గానీ, చెవులు మాత్రం పనిచెయ్యడం మానేశాయి. గట్టిగా అరిస్తే సగం మాట అందుతుంది. మిగతా సగం పెదవులు చూసి కూడబలుక్కుంటుంది. ఆవిడకి రహస్యం చెప్పాలంటే వీధికంతటికీ చెప్పాలి.

పిన్నిగారు మెట్ల మీద నిలబడి చెప్పింది.

"వదినా! మీ అమ్మాయి రోజూ ఆ రిపేరు అబ్బాయి దగ్గరికే పోతోంది!"

"రోజూనా?"

"రోజూ!"

"అయినా బాగవలేదా?"

"లేదు!"

టీచరమ్మ ఆలోచించింది. "అయితే వాడు చేతకానివాడన్నమాట. చేతకానివాణ్ణి మా పిల్ల ఎందుకు చూస్తుంది? నువ్వింకెవర్నో చూసుంటావు."

పిన్నిగారు మెట్లు దిగిపోయింది.

ఆవిడ కబురులో సగం నిజమే. ఏ సగమో ఆవిడకి తెలియదు. ఆ పిల్లకి కూడా అప్పటికి తెలియదు.

ఆ పిల్ల పని మాటలు తెర మీదికి ఎక్కించడం. హాల్లో నాటకం ఆడుతుంటే, వేదిక పక్కన ఒక తెర మీద నటుల మాటలు అక్షరాలుగా పడుతుంటాయి. వినబడనివాళ్ళు ముందు వరసల్లో కూర్చుని చదువుకుంటారు. నటులు రాసింది రాసినట్టు చెప్తే ముందే టైపు చేసి పెట్టుకోవచ్చు. ఏ నటుడు చెప్పాడు గనక? వింటూ కొట్టాల్సిందే. చెవిన పడ్డ మాట బుర్రకి చేరకముందే వేళ్ళకి చేరాలి. మీటలు రెండు మూడు కలిపి ఒక్కసారి నొక్కితే మాటకి మాట పడిపోయే పద్ధతి ఒకటి ఆమె తనకోసం కూర్చుకుంది. ఆ ప్రోగ్రాము అందరూ వాడే విండోస్ మీద నడవదు, లినక్స్ అనే వేరే సిస్టం మీద తప్ప ఇంకెక్కడా నడవదు.

ఇదంతా తల్లి కోసం మొదలుపెట్టింది. టీచరమ్మకి నాటకమంటే ప్రాణం. చెవులు పోయాక హాలు గుమ్మం తొక్కడం మానేసింది. కూతురు తెర పెట్టించాకే మళ్ళీ ముందు వరసలో కూర్చుంది.

అలాంటిది, కిందటి నాటకంలో తండ్రి కొడుకుని క్షమించాడో లేదో తేలే చోట లాప్‌టాప్ ఆరిపోయింది. తెర నల్లబడింది. హాలంతా ఊపిరి బిగబట్టిన ఆ క్షణంలో ముందు వరసలోంచి డ్రిల్లు గొంతు లేచింది.

"ఏమన్నాడే? క్షమించాడా, లేదా?"

హాలు గొల్లుమంది. తండ్రి వేషగాడికి కళ్ళనీళ్ళు ఎక్కడివక్కడే ఆగిపోయాయి.

హాలు మేనేజరే ఆ నాటకం రాసినవాడూ, ఆడించినవాడూ. మర్నాడు ఆమెని పిలిచి, "వచ్చే నాటకంలో కూడా తెర ఆరిందంటే తెర తీసేయిస్తాను. ఇక మాట లేదు" అన్నాడు.

"నా కుర్చీ దగ్గర ఒక ప్లగ్గు పెట్టించండి."

"జనం నడిచే దారికి అడ్డంగా వైరు వెయ్యకూడదు. ఫైరువాళ్ళ రూలు."

అంటే నాటకమంతా బ్యాటరీ మీదే లాగాలి. తెర తీసేస్తే అమ్మ మళ్ళీ ఇంట్లోనే.

ఎక్కిన కొట్టల్లా, "లినక్సా? అది పీకేసి తీసుకురండి, అప్పుడు చూద్దాం" అంది. ఆఖరికి వానలో, మెట్ల కింద ఇరికించినట్టున్న ఒక కొట్టు కనబడింది. బోర్డు మీద లినక్స్ గుర్తు పెంగ్విన్ బొమ్మ. ఆ బొమ్మని బట్టి వీధిలో అందరూ ఆ కొట్టు అబ్బాయిని కూడా పెంగ్విన్ అనే పిలుస్తారు.

ఆమె లాప్‌టాప్‌ని పసిపిల్లలా గుండెకి హత్తుకుని గుమ్మంలో నిలబడింది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"లినక్స్ పీకెయ్యమంటారా? అయితే ఇప్పుడే చెప్పండి. ఇలాగే పోతాను."

"ముందు లోపలికి రండి. మీరు తడిస్తే ఆరతారు. అది తడిస్తే ఆరదు."

"నా గురించి అన్నారనుకున్నాను."

"దాని గురించే అన్నాను."

ఆమెకి ఒళ్ళు మండింది. అతను పట్టించుకోలేదు. లాప్‌టాప్‌ని బల్ల మీద పెట్టి చార్జరు తగిలించాడు. ఆమె ఇంకా నోరు విప్పకముందే అతని వేళ్ళు మీటల మీద ఏదో ఒక ముక్క కొట్టేశాయి, ఇంట్లోకి రాగానే చెప్పులు విడిచినంత అలవాటుగా.

"ఇప్పుడు చెప్పండి. ఏమిటి బాధ?"

"బ్యాగులో పెట్టేటప్పుడు ఫుల్లుగా ఉంటుంది. తీసేసరికి సగం."

"బ్యాగు వేడెక్కుతుందా?"

"బట్టలు ఇస్త్రీ చేసుకోవచ్చు."

"అయితే ఇది నిద్రపోవడం లేదు. మూత వేస్తే కళ్ళు మూసుకుంటోందంతే. లోపల అంతా మెలకువే."

"మా కింది వాటా పిన్నిగారిలాగా."

అతను మొదటిసారి నవ్వాడు. ఆ నవ్వుకి ఆమె కోపంలో సగం వానతోపాటే కారిపోయింది. మిగతా సగం ఆమె జాగ్రత్తగా దాచుకుంది.

మెషీను లేచేటప్పుడు చదువుకునే సెట్టింగుల్లో అతను ఒక మాట చేర్చాడు. మూత వేస్తే ఇక కునుకు కాదు, గాఢనిద్ర.

మర్నాడు ఆమె పరుగున వచ్చి బ్యాగుని బల్ల మీద పెట్టింది.

"ముట్టుకో! చల్లగా ఉంది! పొద్దున ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది!"

"మీరు అనేవారు నిన్న."

ఆమె నాలుక కరుచుకుంది. "బ్యాటరీ బాగైన సంతోషంలో వచ్చేసింది. వెనక్కి తీసుకోమంటారా?"

"వద్దు. ఒకసారి వచ్చిన చార్జింగు పోనివ్వకూడదు."

అంతా బాగానే ఉంది గానీ కొత్త గొడవొకటి తలెత్తింది. ఎంతసేపు చార్జింగు పెట్టినా అరవై శాతం దాటి ఎక్కడం లేదు.

అతను చార్జరు మార్చాడు. అరవై. దుమ్ము పట్టిందేమోనని చార్జింగు కన్నాన్ని బ్రష్షుతో శుభ్రం చేశాడు. అరవై. బ్యాటరీయే ముసలిదైపోయిందని కొత్తది తెప్పించి బిగించాడు. పుట్టిన రోజు నుంచే కొత్తది కూడా అరవై దగ్గర మొండికేసింది. ఆమె టైపింగు పద్ధతిని భద్రంగా పక్కన పెట్టి లినక్స్‌ని మొత్తం కొత్తగా ఎక్కించాడు. మళ్ళీ అరవై.

"అరవైతో సరిపెట్టుకోవచ్చుగా?" అని ఒకరోజు నీరసంగా అడిగాడు.

"నాటకం ఆఖరి అంకం ఎవరు టైపు చేస్తారు, మీ పెంగ్వినా?"

అందుకని ఉన్న చార్జింగుని తినేవాళ్ళని ఒక్కొక్కళ్ళనే పట్టుకున్నాడు. ఎవరూ వాడని వేలిముద్రల పరికరం, మీటల కింద దీపం, ఊరికే వెతుకుతూ కూర్చునే బ్లూటూత్, అన్నిటినీ పడుకోబెట్టాడు. తర్వాత, "పనిలో ఉండగా ఎంతసేపు వస్తుందో చూడాలి. నేను మాట్లాడతాను, నువ్వు కొడుతూ ఉండు" అన్నాడు.

అతను చార్జర్ల గురించి మాట్లాడాడు. వాన గురించి మాట్లాడాడు. మాటలు అయిపోయాయి. ఆమె వేళ్ళు మాత్రం కదులుతూనే ఉన్నాయి. కాసేపటికి స్క్రీను మీద చూస్తే చివరి వరస ఇలా ఉంది:

"ఈ పిల్ల వేళ్ళు చూస్తుంటే చేసే పని మర్చిపోతున్నాను."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఇది నేను మనసులో అనుకున్నాను."

"పైకే అన్నావు. మనసులోవి నాకు వినబడవు."

"ఏం వినబడితే అది కొట్టేస్తావా?"

"ఆపుకోలేను. చెవిన పడిందంటే వేళ్ళు దిగిపోతాయి. అందుకే నేను టైపు చేసేటప్పుడు పక్కన ఎవరూ మాట్లాడకూడదు."

"అయితే జాగ్రత్తగా ఉండాలి."

"ఉండకపోయినా ఫర్వాలేదు" అంది ఆమె, స్క్రీను వైపే చూస్తూ.

వానకి కొట్టు ముందర నీళ్ళు నిలిచాయి. ఆమె ఆ రోజు వాన తగ్గేదాకా ఆగింది. తగ్గాక కూడా కొంచెం ఆగింది. పిన్నిగారు పక్కనే ఉన్న మందుల షాపుకని వచ్చి చూసింది ఆ రోజే.

ఇక మెట్ల మీద జరిగిన కబురు సంగతి. పిన్నిగారు దిగిపోయాక టీచరమ్మ కూతుర్ని పిలిచింది.

"వాడు చేతకానివాడా?"

కూతురు తల అడ్డంగా ఊపింది. "కాదమ్మా. చాలా తెలుసు."

"తెలిసినవాడైతే ఎందుకు బాగవలేదు?"

కూతురు ఆ ప్రశ్నతోనే లోపలికి వెళ్ళింది. ఆమె లాప్‌టాప్ ముందు కూర్చుంది. ఆ ప్రశ్న పక్కనే మరో ప్రశ్న లేచింది. చెడిపోయిన బ్యాటరీ ఒకరోజు యాభై ఎనిమిది దగ్గర ఆగాలి, ఒకరోజు అరవై మూడు దగ్గర ఆగాలి. రోజూ పద్ధతిగా, గీత గీసినట్టు, అరవై దగ్గరే ఎలా ఆగుతుంది? ఇది జబ్బు కాదు. ఎవరో పెట్టిన హద్దు.

"లినక్స్‌కి దాపరికం లేదు, అడిగితే అన్నీ చెప్తుంది" అని అతనే ఒకసారి అన్నాడు. ఆమె అడిగింది. బ్యాటరీ సంగతులు ఉండే ఫోల్డరు తెరిచి ఒక్కొక్కటే చదువుకుంటూ పోయింది. చార్జింగు ఎక్కడ ఆపాలో చెప్పే చోట రెండంకెలు కనబడ్డాయి. అరవై.

ఆ లాప్‌టాప్ మీద తన చేతులు కాక ఇంకొకరి చేతులే పడ్డాయి.

కొట్టు తలుపు గోడకి కొట్టుకునేలా తోసింది.

"పిన్నిగారు తప్పు చెప్పింది. చెడగొట్టింది నేను కాదు. నువ్వు."

"ఏమైంది?"

"అరవై దగ్గర ఆపమని దీనికి ఎవరు చెప్పారు?"

అతను స్క్రీను చూశాడు. మొహంలో రంగు పోయింది. కుర్చీలో కూలబడ్డాడు.

"నేనే. మొదటి రోజే." రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "బల్ల మీదికి ఏ లాప్‌టాప్ వచ్చినా నేను చేసే మొదటి పని అదే. రోజంతా చార్జరుకి తగిలించి ఉంచితే బ్యాటరీ ఉబ్బుతుంది. అందుకని అరవైకి హద్దు పెడతాను. తిరిగిచ్చేటప్పుడు తీసేస్తాను. నువ్వు బయల్దేరుతుంటే ఆ రోజు..."

"ఆ రోజు?"

"మర్చిపోయాను."

"లినక్స్ మార్చినా పోలేదేం?"

"అది లినక్స్‌లో ఉండదు. మెషీను లోపల చార్జింగు చూసుకునే చిప్పు ఒకటుంటుంది, దానికి గుర్తుండిపోతుంది. ఛ, ఇన్నాళ్ళూ నేను వెతికిన దొంగని నేనే."

"నన్ను రోజూ రప్పించడానికి పెట్టావనుకోవాలా, మర్చిపోయావనుకోవాలా?"

తప్పించుకోవడానికి అతనికి మంచి దారే ఉంది. పట్టలేదు.

"పెట్టింది అలవాటుకొద్దీ, తియ్యనిది మర్చిపోయే. వెతకడం కూడా నిజంగానే వెతికాను. కాకపోతే, ఇవాళ దొరక్కపోతే బాగుండునని రోజూ అనుకున్నాను."

ఆమె లాప్‌టాప్ మూసి, గుండెకి హత్తుకుని, వచ్చిన దారినే పోయింది. ఇంటికెళ్ళి అరవై ఉన్న చోట తనే వంద పెట్టింది. నాటకం ఆ సాయంత్రమే. అంకె అరవై దాటి ఒక్కొక్కటే ఎక్కుతుంటే పక్కన కూర్చుని చూసింది. తొంభై తొమ్మిది వందైనప్పుడు చప్పట్లు కొడదామనిపించింది. చేతులు లేచాయి గానీ, ఎవరితో కలిసి సంతోషించాలో ఆ మనిషి అక్కడ లేడు.

హాలు నిండింది. ముందు వరసలో టీచరమ్మ, పక్కన పిన్నిగారు. ఏం జరుగుతుందో ఇంట్లో కూర్చుంటే తెలియదని ఆవిడా వచ్చింది. వెనకాల ఆఖరి వరసలో, తడిసిన చొక్కాతో పెంగ్విన్ ఉన్నాడు. ఆమె చూసింది. చూడనట్టు తల తిప్పుకుంది.

నాటకం, సముద్రం మీదికి చెప్పకుండా వెళ్ళిపోయి ఏళ్ళ తర్వాత తిరిగొచ్చిన ఒక పడవ సరంగు కథ. నటులు ఆ రోజు ఊపు మీదున్నారు. రాసిన ఒక మాటకి మూడు చెప్తున్నారు. ఆమె వేళ్ళు వాళ్ళని వదలడం లేదు. మొదటి అంకం గడిచింది, రెండోది గడిచింది. ఆఖరి అంకంలో సరంగు తలుపు తడుతుండగా, తెర మీద అతని మాటల నెత్తిన ఒక డబ్బా వచ్చి కూర్చుంది: బ్యాటరీ తక్కువగా ఉంది, 8%.

"బ్యాటరీ తక్కువగా ఉందట!" అని టీచరమ్మ హాలంతటికీ చదివి వినిపించింది.

ఐదుకి వస్తే మెషీను తనంతట తనే ఆరిపోతుంది. ఇంకా అంకంలో సగం ఉంది.

వెనక వరసలో అతను కుర్చీలోంచి లేచాడు. వంగి, జనం కాళ్ళు తొక్కుతూ, తిట్లు తింటూ, ఆమె పక్కకి వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"లెక్క తప్పు" అన్నాడు గుసగుసగా.

వేదిక మీద సరంగు భార్య, "ఇన్నేళ్ళూ నీకోసమే ఎదురుచూశాను" అంటోంది. తెర మీద ఇలా పడింది: ఇన్నేళ్ళూ నీకోసమే ఎదురుచూశాను. లెక్క తప్పు.

ముందు వరసలు కిలకిల్లాడాయి. తెరల చాటునుంచి మేనేజరు కళ్ళతోనే కాల్చేశాడు. అతను రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. జేబులోంచి పెన్ను తీసి అరచేతిలో గబగబా రాసి ఆమె కళ్ళ ముందు పెట్టాడు: "కొత్త బ్యాటరీ ఇవాళ్టిదాకా అరవై దాటలేదు. అంకె దానికే సరిగా తెలీదు. లోపల ఇంకా ఉంది."

నమ్మాలా? ఈ చేతులే కదా అరవై పెట్టింది. కానీ అడిగినప్పుడు అబద్ధం చెప్పనిది కూడా ఈ మనిషే. ఆమె తలూపింది.

ఆరు శాతం. వేదిక మీద తుఫాను లేచింది. మాటల్లేని ఘట్టం. ఆమె "తుఫాను హోరు" అని కొట్టి చేతులు పైకెత్తింది. ఆ చేతుల కిందనుంచి అతని చేతులు దూరాయి. ఐదుకి ఆరిపొమ్మన్న హద్దుని ఒక్క వరసలో తీసేశాడు. ఉరుములు ఆగేలోపు మీటలు మళ్ళీ ఆమెవి.

ఐదు. ఆరిపోలేదు. మూడు. ఒకటి. సున్నా.

సున్నా దగ్గర ఇద్దరూ ఊపిరి పీల్చడం మానేశారు. తెర వెలుగుతూనే ఉంది. సున్నా మీద సరంగు ఏడ్చాడు. సున్నా మీద భార్య తలుపు తీసింది. సున్నా మీదే ఆఖరి మాట పడింది: వెళ్ళినందుకు కాదు కోపం, చెప్పి వెళ్ళనందుకు.

ముందు వరసల్లో చేతులు లేచాయి. వినబడనివాళ్ళు చప్పట్లు కొట్టరు, చేతులెత్తి గాల్లో ఊపుతారు. ఒక వరస ఊపింది, రెండో వరస ఊపింది. చూసి చూసి హాలంతా ఊపింది. టీచరమ్మ లేచి నిలబడి మరీ ఊపుతోంది. ఎందుకో తెలియకుండానే పిన్నిగారు కళ్ళు తుడుచుకుంటోంది.

మేనేజరు మైకు పట్టుకుని వేదిక మీదికి వచ్చాడు. "ఈ తెర ఇక ప్రతి నాటకానికీ ఉంటుంది!" అన్నాడు. ఆమె ఆ మాట కూడా తెర మీద పెట్టింది. చేతులు మళ్ళీ లేచాయి.

గెలిచిన సంతోషంలో అతను అన్నీ మర్చిపోయాడు. ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"నువ్వంటే నాకు చాలా ఇష్టం. చార్జింగు ఎక్కినా ఎక్కకపోయినా రోజూ రా."

చెవిన పడింది. వేళ్ళు దిగిపోయాయి.

ఊగుతున్న చేతులు గాల్లోనే ఆగాయి. హాలంతా తెర వైపు తిరిగింది. అతను కూడా తిరిగి చదువుకున్నాడు. కొట్లో ఎర్రబడ్డ చెవులు ఈసారి మెడ దాకా ఎర్రబడ్డాయి.

ఆమె తెర చూసింది, అతన్ని చూసింది. తర్వాత, ఎవరూ ఏమీ అనకుండానే, తనంతట తనే, ఒక్కొక్క మీటా నెమ్మదిగా నొక్కుతూ కొట్టింది:

"నాక్కూడా. మర్చిపోకూడనివి మాత్రం మర్చిపోకు."

ఆ చుక్క పడ్డాక బ్యాటరీ ఆరిపోయింది. తెర నల్లబడింది.

"నేను చెప్పలా వదినా!" అని పిన్నిగారు కేకేసింది.

మేనేజరుకి మాత్రం కడుపు మండింది. మైకులోనే అన్నాడు, "ఆ చివరి మాటలు నా నాటకంలో లేవు. ఎవరు రాశారవి?"

తెర ఆరిపోయింది కాబట్టి టీచరమ్మకి అందలేదు. పిన్నిగారు ఆవిడ చెవిలో అరిచింది. "చివరి మాటలు ఎవరు రాశారని అడుగుతున్నాడు వదినా!"

టీచరమ్మ వేదిక వైపు తిరిగింది. డ్రిల్లు గొంతు ఆఖరి వరస దాటి వీధిలోకి వినబడింది.

"ఎవరు రాస్తే ఏం? నువ్వు రాసినవాటికంటే బాగున్నాయి!"